అందరికీ పంచాను, అందరూ నా మీదే పడ్డారు

ప్రశ్న: ఆదివారాల్లో మా మేడ మీద నలుగురం చేరి మ్యాజిక్: ది గ్యాథరింగ్ అనే కార్డుల ఆటలో కమాండర్ అనే పద్ధతి ఆడతాం, ఎవరి కార్డుల కట్ట (డెక్) వాళ్ళదే. నాకు కొట్లాట కంటే బేరాలు, పొత్తులు పెట్టుకుని గెలిచే డెక్ ఇష్టం. అందుకని అందరికీ అదనంగా కార్డులొచ్చే హౌలింగ్ మైన్ లాంటివి నింపాను. మొదట్లో మెచ్చుకుంటారు, చివరికి నన్నే లేపేస్తారు. పొరపాటు ఎక్కడ?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: అందరికీ సమానంగా పంచితే ఎవరికీ మీతో పని ఉండదు తమ్ముడూ. హౌలింగ్ మైన్ పెట్టాక మీతో మంచిగా ఉన్నవాడికీ లేనివాడికీ ప్రతి టర్న్‌లో ఇంకో కార్డు వస్తుంది, పైగా మీ తర్వాత ఆడేవాడే దాన్ని మొదట అందుకుంటాడు. ఇంక మీ మాట ఎందుకు వినాలి?

నలుగురి ఆటలో మీకు 40 లైఫ్ (ప్రాణం పాయింట్లు) ఉంటే అవతల ముగ్గురికీ కలిపి 120 ఉంటుంది. అంతా మీరొక్కరే కొట్టడం కష్టం, కాబట్టి వాళ్ళలో వాళ్ళు కొట్టుకునేలా చెయ్యాలి.

నేనైతే క్వీన్ మార్చేసా అనే కార్డుని కమాండర్‌గా, అంటే డెక్‌కి నాయకురాలిగా, పెట్టుకుంటాను. ఆమె దిగగానే మీరు మోనార్క్ (కిరీటం ఉన్న రాజు) అవుతారు, ఆ కిరీటం ఉన్నవాళ్ళకి తమ టర్న్ చివర ఒక కార్డు వస్తుంది, వాళ్ళకి క్రీచర్‌తో (దాడి చేసే జీవి కార్డుతో) దెబ్బ తగిలించినవాడి చేతికి కిరీటం పోతుంది. పోతే పోనివ్వండి! ప్రత్యర్థి దగ్గర అది ఉన్నంతకాలం మీ ప్రతి అప్‌కీప్‌లో (టర్న్ మొదట్లో) మీకో అసాసిన్ టోకెన్, అంటే డెక్‌లోది కాని అదనపు క్రీచర్, వస్తుంది, మిగతా ఇద్దరి చూపూ కిరీటం ఉన్నవాడి మీదికి పోతుంది. ఘోస్ట్లీ ప్రిజన్ పెడితే మీ మీదికి వచ్చే ఒక్కో క్రీచర్‌కి 2 మానా (కార్డులు వాడటానికి ఖర్చుపెట్టే శక్తి) కట్టాలి, పక్కవాడిని కొట్టడానికి ఏమీ అక్కర్లేదు, ఇక వాళ్ళే లెక్క వేసుకుంటారు. డిస్రప్ట్ డెకోరమ్ వేస్తే మీవి కాని క్రీచర్లన్నీ మీ తర్వాతి టర్న్ దాకా దాడికి పోవాల్సిందే, అదీ వీలైతే మీ మీదికి కాకుండా.

100 కార్డుల్లో మానా ఇచ్చే ల్యాండ్లు 36, 37 కంటే తగ్గనివ్వకండి.

బేరం మాత్రం కాలువ కింద నీళ్ళ వంతు మాట్లాడుకున్నట్టు ఉండాలి. ఈ రాత్రి నీకు, రేపు రాత్రి నాకు అన్నంత స్పష్టంగా. 'నన్ను కొట్టకు, నీకు సాయం చేస్తా' అనకండి, 'నీ తర్వాతి టర్న్‌లో నా మీదికి రాకు, ఆ డ్రాగన్‌ని నేను ఇప్పుడే తీసేస్తా' అనండి, చేతిలో క్రీచర్‌ని తీసేసే స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్ కార్డు ఉంటేనే అనండి. ఇచ్చిన మాటని ఆట రూల్స్ కాపాడవు, మీరే నిలబెట్టుకోవాలి, ఎందుకంటే వచ్చే ఆదివారం కూడా ఆ ముగ్గురితోనే ఆడాలి. నాకు తెలిసి ఈ డెక్‌లో అన్నిటికంటే విలువైనది అదే.

గెలిచే దారి లేకుండా మంచివాడిగా మిగిలిపోవడం రెండో పొరపాటు, మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. ఇన్సరెక్షన్ పెట్టుకోండి. 8 మానా, బల్ల మీదున్న క్రీచర్లన్నీ ఆ టర్న్‌కి మీవే, వెంటనే దాడి చెయ్యొచ్చు. వాళ్ళు పెంచుకున్నదంతా వాళ్ళ మీదికే పోతుంది.

మీవాళ్ళు ఒప్పుకుంటే మొదట ప్రింట్ తీసిన కార్డులతో రెండు మూడు వారాలు ఆడి చూసి తర్వాత కొనండి. కిరీటం ఎన్నిసార్లు చేతులు మారిందో, అది మీ దగ్గర లేనప్పుడు మిమ్మల్ని ఎందరు వదిలేశారో లెక్క రాసి పంపండి, ఏ కార్డు తీసెయ్యాలో అప్పుడు చెప్తాను.