స్కేలు కంటే ముందు కాళ్లతో కొలవనివ్వండి

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. వంద సెంటీమీటర్లు ఒక మీటరు అని గడగడా అప్పజెప్తాడు. గుమ్మం నుంచి గేటు దాకా ఎన్ని మీటర్లురా అంటే మాత్రం ఒకసారి రెండంటాడు, ఇంకోసారి వందంటాడు. స్కేలు ఇచ్చి కూర్చోబెడితే రెండు నిమిషాల్లో పరుగు. ఆటల్లో పెట్టి నేర్పొచ్చా? - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: తప్పకుండా నేర్పొచ్చండి, అసలు ఈ వయసులో కూర్చోబెట్టి నేర్పాల్సిన విషయమే కాదిది. మీ వైపు చిర్రగోనె, కోస్తాలో బిళ్ళంగోడు ఆడిన పిల్లలు బిళ్ళ ఎంత దూరం పడిందో చేతిలో కర్రతోనే కొలుచుకునేవాళ్లు, వాళ్లకి ఎవరూ పాఠం చెప్పలేదు. ఆరేళ్లవాడికి బిళ్ళ వద్దు, కంటికి తగులుతుంది. పాత సాక్సు ఉండచుట్టి విసరమనండి.

పడ్డ చోటికి ఎన్ని అడుగులో కొలవకముందే చెప్పించండి, ఇది మర్చిపోవద్దు. ఊహించి చెప్పాక కొలిస్తేనే దూరం బుర్రలో కూర్చుంటుంది. తర్వాత అడుగులో అడుగు, మడమకి బొటనవేలు ఆనిస్తూ నడవాలి. మధ్యలో ఖాళీ వదిలితే లెక్క తగ్గిపోతుంది, పందెం కట్టిన ఆట కాబట్టి ఆ తప్పు పిల్లలే పట్టేస్తారు, మీరు దిద్దక్కర్లేదు.

ఇప్పుడు అదే దూరం మీరూ నడవండి. వాడికి 20 అడుగులు వస్తే మీకు ఏ 15 వస్తాయి. ఎవరి లెక్క తప్పని అడిగి ఊరుకోండి. వెంటనే వివరించేయకండి, రెండ్రోజులు దాని గురించే ఆలోచించనివ్వండి. పూలమ్మి మూరకీ వాడి మూరకీ తేడా చూపించండి, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార అని వాడి ఒంటి మీదే కొలిపించండి. అందరికీ ఒకే కొలత కావాలని వాడికే అనిపించాక అప్పుడు తీయండి మీటరు తాడు. పది సెంటీమీటర్లకో గీత స్కెచ్ పెన్నుతో పెట్టండి, ముడులేస్తే తాడు పొట్టిదైపోతుంది.

ఆ తాడుతో గెంతుడు పందెం పెట్టండి. చాక్‌పీసు గీత దగ్గర నుంచి దూకి, మడమ ఆనిన చోటు దాకా కొలవాలి, ఏ రోజుది ఆ రోజు గోడ మీద వాడితోనే రాయించండి. నిన్నటికంటే నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ దూకానని వాడే వచ్చి చెప్తాడు. గుమ్మం నుంచి గేటు దాకా అడగడం అప్పుడు పెట్టుకోండి, తొమ్మిది మీటర్లుంటే ఏడన్నా తప్పనకండి, తాడు చేతికిచ్చి వెంట నడవండి.