మృదంగంతో ఇల్లు గడుస్తుందా?

ప్రశ్న: మా తాత, నాయిన పెళ్ళిళ్ళకు, గుడి సేవలకు డోలు వాయించేటోళ్ళు. నాకు 19 ఏండ్లు. చిన్నప్పటి నుంచి డోలు, తర్వాత ఏడేండ్లుగా మృదంగం. దీన్నే నమ్ముకుంటే ఇల్లు గడుస్తదా? — ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: కచేరీలనే నమ్ముకుంటే గడవదు. మన జిల్లాల్లో అవి శ్రీరామనవమి, దసరా, త్యాగరాజ ఆరాధన చుట్టూనే ఉంటాయి. మిగతా నెలల్లో పిలిచేది కూచిపూడి నేర్పే గురువులు. వాళ్ళకు జతులు (అడుగులకు తగ్గ తాళపు మాటలు) నోటితో చెప్పగలిగే మృదంగం మనిషి కావాలి. అది రాకపోతే రెండో పిలుపు ఉండదు.

డోలు చెయ్యి ఊరేగింపుకు అలవాటు పడింది, బయట గాలిలో దూరం వినపడాలి కదా. అదే బలంతో మృదంగం వాయిస్తే పాట మునిగిపోతుంది. రోజూ ఆదితాళం విలంబంలో (నిదానంగా), ముక్తాయింపుల (ముగింపు విన్యాసాల) జోలికి పోకుండా, సర్వలఘువు (తాళం నడకతో సాఫీగా సాగే వాయింపు) ఒక్కటే 20 నిమిషాలు వాయించండి. విసుగొస్తుంది. తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే భాగం) కంటే ముందు గాయకులు చూసేది ఇదే.

అయినా డోలు మానకండి. దేవాదాయ శాఖ గుళ్ళల్లో కొలువు సన్నాయికి, డోలుకు. మృదంగానికి సాధారణంగా ఉండదు. ఆకాశవాణి ఆడిషన్‌లో బి గ్రేడు వచ్చినా పాఠాలు చెప్పుకోవడానికి విలువ పెరుగుతుంది. 18–25 ఏళ్ళ వాళ్ళకు కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల ఉపకార వేతనం ఉంది, నెలకు 5,000 రూపాయలు, రెండేళ్ళు. గురువు దగ్గర ఐదేళ్ళ శిక్షణ చూపాలి. మీ ఏడేళ్ళ మృదంగం దానికి సరిపోతుంది.

ప్రశ్న: మా బాబు మృదంగం ఇంట్లో శ్రుతి కలుస్తది, కచేరీలో కలవదు. ఎడమ వైపు అద్దే రవ్వ పిండి వాయింపు మధ్యలో ఊడిపోతది. — ఒక పాఠకురాలు, వనపర్తి

జవాబు: ముందు ఎవరి పక్కన వాయిస్తున్నాడో చూడండి. మగవాళ్ళు ఎక్కువగా తగ్గు స్థాయి అయిన ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడవాళ్ళు హెచ్చు స్థాయి అయిన ఐదు, ఐదున్నరలో పాడతారు. ఒకే మృదంగాన్ని ఈ రెండింటికీ లాగితే మూత (వాయించే చర్మం) పాడవుతుంది. పొడుగుది తగ్గు శ్రుతికి, పొట్టిది హెచ్చు శ్రుతికి, రెండు ఉండాల్సిందే.

కూలర్ గాలి తేమకు చర్మం సడలి శ్రుతి దిగుతుంది. పొడి ఎండకు బిగిసి ఎక్కుతుంది. అందుకే అరగంట ముందే వేదిక మీద పెట్టి, ఆ తర్వాత కలపాలి. కుడి మూత అల్లిక అంచుపై చెక్క ఆనించి రాయితో పైనుంచి కొడితే శ్రుతి ఎక్కుతుంది, కింది నుంచి పైకి కొడితే దిగుతుంది. ఒక్కచోటే కొట్టకుండా చుట్టూ తిరగండి, లేకపోతే ఒక్కో వైపు ఒక్కో నాదం పలుకుతుంది.

రవ్వ ఊడేది పిండి గట్టిగా కలిపినందుకు, లేదా చర్మం తడపనందుకు. బొంబాయి రవ్వను మెత్తగా కలిపి, మూత మధ్య తడి చేసి అద్దాలి. కుడివైపు షడ్జానికి (స స్వరానికి) మంద్ర షడ్జం (కింది స్థాయి స) పలికేదాకా కొంచెం కొంచెంగా పెంచండి, ఎక్కువైతే నాదం మొద్దుబారుతుంది. వాయింపు అయ్యాక అదే రోజు గీకి తుడిచేయాలి. ఎండిపోయాక పీకితే చర్మం పొరతో సహా వస్తుంది, వదిలేస్తే బొద్దింకలు కొరుకుతాయి.