లెక్కలు చదివిన అమ్మాయి ‘టైపింగ్’ చేస్తోందని బెంగా?

ప్రశ్న: మాది నరసన్నపేట. మా అమ్మాయి ఎచ్చెర్ల విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ గణితం పూర్తి చేసింది. ఏడాదిగా ఇంట్లోనే కూర్చుని శ్రీకాకుళంలోని ఒక కోచింగ్ కేంద్రం లెక్కల నోట్సును వెబ్‌లో పెట్టే పని చేస్తోంది. పేజీకి ఇంత అని ఇస్తారు. రాత్రి పదకొండు దాకా సమీకరణాలు సర్దుతూనే ఉంటుంది. ఎమ్మెస్సీ చదివించింది డీటీపీ పనికా? పెళ్లి సంబంధాల వాళ్లు అమ్మాయి ఏం చేస్తోందని అడిగితే ఏమని చెప్పాలో తెలియడం లేదు. మా తోడల్లుడి కొడుకు హైదరాబాదులో డేటా సైన్స్ చేస్తున్నాడు. అదే కోర్సుకు, ఫీజు లక్షన్నర, పదివేలు అడ్వాన్సు కట్టాను. అమ్మాయి వెళ్లనంటోంది. డేటా సైన్స్, బీఎడ్, ఈ వెబ్ పని, మూడింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు.

జవాబు:

అయ్యా, పోలిక అడిగారు, చెబుతాను. కానీ మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం పెళ్లివాళ్లకు ఏమని చెప్పాలన్నది. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా తల్లిదండ్రులు రాసే ఉత్తరాల్లో ఈ ప్రశ్నే వేషాలు మార్చుకుని వస్తుంటుంది. బిడ్డ చేసే పనికి నలుగురికీ తెలిసిన పేరు లేదు, కనుక అది పనే కాదేమోనన్న భయం. ఒకప్పుడు ఆ పేరు ‘సాఫ్ట్‌వేర్’. ఇప్పుడు ‘డేటా సైన్స్’. లక్షన్నర కడుతున్నది చదువుకా, పేరుకా అన్నది మీరే తేల్చుకోవాలి.

ముందు ఆ ‘టైపింగ్’ సంగతి చూద్దాం. మామూలు వాక్యం ఒక వరుసలో సాగిపోతుంది. సమీకరణానికి ఒక వరుస చాలదు. లవం పైన, హారం కింద, ఘాతం ఓ మూలన చిన్నగా, వర్గమూలం గుర్తు మొత్తం మీద కప్పుగా ఉండాలి. 2 ఘాతం 10 విలువ 1024 అని పుస్తకంలో చక్కగా అచ్చయిన దాన్ని పీడీఎఫ్ నుంచి తీసి వెబ్ పేజీలో అతికిస్తే చాలాసార్లు 210 = 1024 అని వచ్చి కూర్చుంటుంది. లెక్కలు రాని మనిషి అంకెలన్నీ ఉన్నాయి కదా అని ముందుకు పోతాడు. ఆ పేజీని ఫోనులో చదివే ఇంటర్ పిల్లవాడు తనకే అర్థం కాలేదనుకుంటాడు.

దీనికి చాలామంది ఎంచుకునే దగ్గరదారి సమీకరణాన్ని బొమ్మగా తీసి పేజీలో అంటించడం. పని తొందరగా అయిపోతుంది, బాధలు తరువాత మొదలవుతాయి. ఫోనులో పెద్దది చేస్తే అలుక్కుపోతుంది. ఒక్క గుర్తు తప్పు పడినా బొమ్మంతా మళ్లీ తయారు చేయాలి. వెతికితే దొరకదు. చూపు లేని విద్యార్థికి పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, పక్కన వివరణ రాసి పెట్టకపోతే, ఆ చోటికి రాగానే ‘బొమ్మ’ అనేసి దాటిపోతుంది. లెక్కల పాఠంలో లెక్క తప్ప మిగతాదంతా వినిపిస్తుందన్నమాట.

మీ అమ్మాయి రాత్రి పదకొండు దాకా కూర్చుంటోందంటే బహుశా ఈ దగ్గరదారి పట్టకపోవడం వల్లే. సమీకరణాన్ని లేటెక్ పద్ధతిలో అక్షరాలుగా రాస్తే మ్యాథ్‌జాక్స్, కేటెక్ వంటి ప్రోగ్రాములు దాన్ని బ్రౌజరులో అసలు రూపంలో పేర్చి చూపిస్తాయి. ఈ లేటెక్ పుట్టుక మీ తోడల్లుడికి కూడా చెప్పదగ్గదే. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1974లోనే అందుకున్న స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్, 1977లో తన పుస్తకం ప్రూఫులు చూసి, లెక్కల అచ్చు బాగా లేదని ఆ పుస్తకాల పనిని పక్కన పెట్టేశారు. సమీకరణాలను కంప్యూటరుతో సరిగ్గా పేర్చే టెక్ అనే ప్రోగ్రామును తనే రాయడం మొదలుపెట్టారు. తొందరలో అయిపోతుందనుకున్న ఆ పని పదేళ్లకు పైగా సాగింది. దాని మీద 1980లలో లెస్లీ లాంపోర్ట్ కట్టినదే లేటెక్. ఇవాళ ప్రపంచంలో గణిత పరిశోధన పత్రాలు చాలావరకు అందులోనే తయారవుతున్నాయి.

ఇంకో చిన్న ఉదాహరణ. ఒక చుట్టు బ్రాకెట్టులో రెండు అక్షరాలు, మధ్యన కామా ఉన్నాయనుకోండి. అది క్రమయుగ్మమా, వివృతాంతరమా, రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకమా? కాగితం మీద మూడింటికీ రూపం ఒకటే. చదివి వినిపించే సాఫ్ట్‌వేరుకు మాత్రం ఏదో ఒకటి చెప్పాలి. వెబ్‌లో గణితం రాయడానికి ప్రమాణంగా ఉన్న మ్యాథ్‌ఎంఎల్‌లో ఈ ఉద్దేశాన్ని సూచించే ఏర్పాటు ఇప్పుడు రూపుదిద్దుకుంటోంది. సందర్భం చూసి ఏది ఏదో చెప్పాల్సింది లెక్కలు చదివిన మనిషే. దీన్ని టైపింగ్ అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇంతవరకు చదివి మీ అమ్మాయి సంబరపడుతుంటే, ఆ అమ్మాయికి కూడా నాలుగు మాటలు చెప్పాలి. ఈ రంగం వెనుక డబ్బు పరుగెత్తదు. మ్యాథ్‌ఎంఎల్ ప్రమాణం 1998లో వచ్చింది. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు దాన్ని చాలాకాలంగా చూపిస్తోంది. ప్రపంచంలో ఎక్కువమంది వాడే గూగుల్ వారి క్రోమ్ మాత్రం 2013లో ఒక వెర్షన్‌లో పెట్టి తరువాతి వెర్షన్‌లోనే తీసేసింది. మళ్లీ చేర్చడానికి 2023 జనవరి దాకా పట్టింది, ఆ పనిలోనూ ఎక్కువ భారం మోసింది స్పెయిన్‌కు చెందిన ఇగాలియా అనే చిన్న సంస్థ. అంత పెద్ద కంపెనీ పదేళ్లు పక్కన పెట్టగలిగిందంటే, వెబ్‌లో లెక్కల కోసం ఖర్చు పెట్టేవాళ్లు ఎంత తక్కువో ఊహించుకోవచ్చు.

పేజీకి ఇంత అని వచ్చే డబ్బు మీద బతుకు కట్టుకోవద్దని కూడా చెబుతున్నాను. చేతిరాత ఫొటో తీసి ఇస్తే లేటెక్ రాసిచ్చే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి. అవి ఒకటి అంకెను ఇంగ్లీషు ఎల్ అక్షరమని పొరబడతాయి, అవకలనాన్ని సూచించే చిన్న గీతను మింగేస్తాయి, అయినా రోజురోజుకూ మెరుగవుతున్నాయి. ఉత్త టైపు కొట్టేవాళ్లకు రేటు పడిపోతుంది. దిద్దేవాళ్ల, పుస్తకం మొత్తానికి పద్ధతి ఏర్పరచేవాళ్ల అవసరం నిలుస్తుంది. మీ అమ్మాయి ఈ రెండో వైపుకు జరగాలి.

ఆ వైపు పని ఎక్కడుంది? చెన్నై, పుదుచ్చేరి, తిరువనంతపురంలలో విదేశీ పరిశోధన పత్రికలకు పేజీలు తయారుచేసే కంపెనీలు చాలాకాలంగా ఉన్నాయి. అక్కడ లేటెక్‌తో పాటు మ్యాథ్‌ఎంఎల్, పుస్తకంలో ఏది శీర్షికో ఏది పేరానో గుర్తులు పెట్టి రాసే ఎక్స్‌ఎంఎల్ వచ్చినవాళ్లకు విలువ. శాస్త్రవేత్తలు 1991 నుంచి తమ పత్రాలను ఉంచుతున్న ఆర్కైవ్ అనే భాండాగారం కూడా 2023 చివరి నుంచి కొత్త పత్రాలను పీడీఎఫ్‌తో పాటు వెబ్ పేజీలుగా ఇస్తోంది. యూరప్‌లో ఈ-పుస్తకాలు వికలాంగులకు అందుబాటులో ఉండాలన్న చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది. వివరణ లేని బొమ్మల సమీకరణాలతో ప్రచురణకర్తలకు ఇక గడవదు. మన దేశంలోనూ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది, అమలు ఎంత మందకొడిగా ఉన్నా. మొదటి జీతం మీరు చుట్టాలకు గొప్పగా చెప్పుకునేంత ఉండదు. చాలా చోట్ల పని ఇంగ్లీషులోనే. చెన్నై వెళ్లాల్సి రావచ్చు, కొంత ఇంటి నుంచే చేయవచ్చు.

తెలుగులో మాత్రం డబ్బు దాదాపు లేదు, పని కొండంత ఉంది. మన డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి అను ఫాంట్లలో కొట్టిన లెక్కల పుస్తకాలు వెబ్‌లో పెడితే అర్థం లేని అక్షరాలుగా మారిపోతాయి. వాటిని ఏ ఫోనులోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి తేవాలి, సమీకరణాలు విడిగా రాయాలి. భిన్నంలో లవంగా ‘దూరం’, హారంగా ‘కాలం’ అని తెలుగు పదాలు పెడితే వత్తులు, గుడులు గీతకు తగలకుండా చూడాలి. ఈ పనిని ఇంగ్లీషు కంపెనీలు చేయవు. మీ అమ్మాయి చేస్తే పేరు వస్తుంది, దానికి జీతం ఇచ్చేవాళ్లను వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇక డేటా సైన్స్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, అడ్వాన్సు కట్టారు కాబట్టి.

ఆ రంగం మీద నాకు కోపం లేదు. నిజమైన ఉద్యోగాలున్న నిజమైన రంగం. నా అనుమానమంతా కొన్ని నెలల్లో డేటా సైంటిస్టును చేస్తామని అమ్మే కోర్సుల మీద. వాటి ప్రకటన కాగితాలు చూస్తుంటాను. మొదటి భాగంలో మాత్రికలు, సంభావ్యత, సాంఖ్యకశాస్త్రం ఉంటాయి. లెక్కలు వదిలేసి ఎన్నేళ్లో అయినవాళ్లకు వాటిని కొద్ది రోజుల్లో తిప్పి చూపిస్తారు. మీ అమ్మాయి వాటిని ఏళ్ల తరబడి చదివి పరీక్షలు రాసింది. తనకు వచ్చిన దాన్నే పల్చగా చేసి తిరిగి అమ్ముతుంటే మీరు లక్షన్నర పెట్టి కొనబోతున్నారు. లేనిది ప్రోగ్రామింగ్ అనుభవం. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను ఎన్‌పీటీఈఎల్ అనే వెబ్‌సైటులో ఐఐటీ ఆచార్యుల పాఠాలతో ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు, పాఠాలకు ఫీజు లేదు, సర్టిఫికెట్టు పరీక్షకే కొద్దిగా రుసుము. ఆరు నెలలు చేశాక ఇష్టం పెరిగితే అప్పుడు మాట్లాడుకుందాం. ఒకే కోర్సు సర్టిఫికెట్టుతో, ఒకే రకం ప్రాజెక్టులతో హైదరాబాదు హాస్టళ్లలో ఇంటర్వ్యూల కోసం ఎదురుచూస్తున్న మన జిల్లాల పిల్లలు నాకు తెలుసు. వాళ్లు మొద్దులు కారు. వాళ్లను అక్కడికి పంపింది చుట్టాల అబ్బాయి జీతం.

మీ తోడల్లుడి కొడుకు ఏ డిగ్రీ చేశాడో, ఎన్నేళ్ల అనుభవం ఉందో, ఏ కంపెనీలో ఏం చేస్తున్నాడో ఉత్తరంలో రాయలేదు. మీకూ తెలియదనుకుంటాను. అతని ఉద్యోగం పేరొక్కటి చూసి, అడగకుండానే అడ్వాన్సు కట్టి, ఆ తరువాత అమ్మాయి వెళ్లనంటోందని నాకు రాశారు. కటువుగా ఉంటే క్షమించండి, ఇందులో మొండితనం ఎవరిదో నాకు స్పష్టంగానే కనిపిస్తోంది. ఉత్తరమంతా వెతికాను. వాళ్లమ్మ మాట ఎక్కడా లేదు, అమ్మాయి మాట ‘వెళ్లను’ అన్న ఒక్కటే ఉంది. ఎందుకు వెళ్లనంటోందో మీరు అడిగినట్లే లేదు.

బీఎడ్ సంగతి క్లుప్తంగా చెబుతాను, డీఎస్సీ గురించి మన జిల్లాల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది, అలాంటిది ఏటా వస్తుందని లెక్క వేసుకోకూడదు. చెప్పడం ఇష్టమైతే బీఎడ్ మంచిదే, ఈ వెబ్ పనికి అడ్డు కూడా కాదు. పాఠం చెప్పగలిగిన మనిషి తయారుచేసిన లెక్కల పేజీ వేరుగా కనిపిస్తుంది, ఏ మెట్టు దగ్గర పిల్లలు తడబడతారో తెలుసు కాబట్టి. ఇష్టం లేకుండా భద్రత కోసమని చేరిస్తే రెండేళ్లు పోతాయి.

మీరు అడిగిన పోలిక ఇంతే. మూడింటిలో ఒకటి ఎంచి మిగతా రెండూ పారేయాల్సిన పరిస్థితి మీ ఇంట్లో లేదు. పిల్ల ఖాళీగా లేదు. ఎవరూ చెప్పకుండానే కష్టమైన పని ఒకటి నేర్చుకుంది, దానికి కొంతైనా డబ్బు తెస్తోంది, నాణ్యత కోసం రాత్రి పదకొండు దాకా కూర్చుంటోంది. అలాంటి పిల్లలు దారి తప్పడం నేను పెద్దగా చూడలేదు. ఏడాది గడువు ఇవ్వండి. ఆ ఏడాదిలో కోచింగ్ కేంద్రం పని కొంత తగ్గించుకుని, తన పేరు మీద ఒక ఇంటర్ అధ్యాయం, ద్విపద సిద్ధాంతమో మాత్రికలో, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పూర్తిగా తయారు చేయమనండి. చవక ఫోనులో, సిగ్నల్ సరిగ్గా లేని చోట తెరిచి చూడాలి. పొడవైన సమీకరణం చిన్న తెరలో ఎక్కడ విరుగుతోందో, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాన్ని ఎలా పలుకుతోందో పరీక్షించాలి. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఆ అధ్యాయమే ఆమె తరఫున మాట్లాడుతుంది. పక్కనే పైథాన్, ఎక్స్‌ఎంఎల్ నేర్చుకోవాలి. ఏడాదికి సరైన ఉద్యోగం కుదరకపోతే బీఎడ్ ఎక్కడికీ పోదు.

పెళ్లివాళ్లకు ఏం చెప్పాలన్నారు కదా. ‘గణిత పుస్తకాల డిజిటల్ ప్రచురణలో పనిచేస్తోంది’ అనండి. అబద్ధం ఒక్క అక్షరం లేదు. వాళ్లు ఇంకా అడిగితే అమ్మాయినే చెప్పమనండి. ఆమె పని గురించి అయిదు నిమిషాలు వినే ఓపిక లేని సంబంధమైతే మీకే తొందరగా తెలిసిపోతుంది.

ఆ పదివేల రసీదు తీసి వెనకవైపు ఉన్న షరతులు చదవండి. తరగతులు మొదలుకాకముందే ఫీజు వాపసు కోరుతూ రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. ఈ వారంలోనే వెళ్లండి, అమ్మాయిని వెంట తీసుకెళ్లండి. చేరనన్న మాట ఆమెనే చెప్పనివ్వండి. అక్కడివాళ్లు మిమ్మల్ని పక్కకు పిలిచి ఫీజు తగ్గిస్తామంటారు, ఒప్పుకోకండి.