చేలో పెట్టే ఎర వేరు, ఇంట్లోకి వచ్చే పేస్టు వేరు

ఎలుకల మందుల అమ్మకంపై ఆంక్షలు పెంచితే డెల్టా రైతు పంటను ఎలా కాపాడుకోవాలని, మందును జాగ్రత్తగా దాచుకోవడం ఎవరికి వారు చూసుకోవలసిన పనే కదా అని మీరు అడిగారు. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో మార్టేరుకు దగ్గరి ఊరు. 22 ఏళ్లుగా ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. మూడెకరాల వరి సేద్యం కూడా ఉంది. మీ ప్రశ్నలో రెండు వేర్వేరు విషాలు ఒకే పేరు కింద కలిసిపోయాయని నాకు అనిపించింది. వాటిని విడదీసి చూస్తే ఆంక్షలకు రైతు భయపడవలసిన అవసరం ఉండదు.

ఎలుకల బెడద ఎంతటిదో నేను తక్కువ చేసి చెప్పను. పైరు పొట్ట దశలో ఉండగా గట్టు మీద నుంచి చూస్తే చేను నిండుగానే కనిపిస్తుంది. లోపలికి దిగితే మడి మధ్యలో పిలకలన్నీ కొడవలితో ఏటవాలుగా కోసినట్టు పడి ఉంటాయి. పందికొక్కు కన్నం తవ్వితే లోపలి అరలో దాచుకున్న వెన్నులు బుట్టలకొద్దీ బయటపడతాయి. (ఇంగ్లీషువాళ్లు ఈ జంతువుకు పెట్టుకున్న ‘బాండికూట్’ అనే పేరు మన పందికొక్కు నుంచి వెళ్లినదే. ఈ నేలకూ దానికీ ఉన్న వైరం అంత పాతది.) మార్టేరు పరిశోధన స్థానంలో ఎలుకల మీద ప్రత్యేకంగా పరిశోధన జరుగుతున్నదంటే దానికి కారణం ఈ డెల్టాలో వాటి వల్ల కలిగే నష్టమే.

అయితే చేలో మనం వాడేది ఏమిటో చూడండి. వ్యవసాయ శాఖ సార్వాలోను, దాళ్వాలోను సామూహికంగా చేయించే ఎలుకల నిర్మూలనలో ముందు రోజు సాయంత్రం కన్నాలన్నీ మట్టితో మూసి, మర్నాడు ఉదయం తిరిగి తెరుచుకున్న వాటిని మాత్రమే గుర్తుపెట్టుకుంటాము. 96 భాగాల నూకలకు 2 భాగాల నూనె పట్టించి, 0.25 శాతం బ్రోమాడియోలోన్ పొడి 2 భాగాలు కలిపి, చిన్న కాగితపు పొట్లాలు కట్టి కన్నం లోపలికి నెడతాము. ఇలా కలిపిన ఎరలో అసలు విషం 0.005 శాతమే. ఇది ఎలుక రక్తం గడ్డకట్టకుండా చేసి కొద్ది రోజుల తరువాత చంపుతుంది కాబట్టి మిగతా ఎలుకలు ఎరను అనుమానించవు. పొరపాటున మనిషి తిన్నా విటమిన్ కె1 విరుగుడుగా ఉంది. జింక్ ఫాస్ఫైడ్ అలాంటిది కాదు. అది కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువుగా మారుతుంది, దానికి విరుగుడు లేదు. కొద్దిగా తిని జబ్బుపడిన ఎలుక మళ్లీ ఆ ఎర జోలికి రాదు కనుక ముందు ఒకటి రెండు రోజులు విషం లేని నూకలు పెట్టి అలవాటు చేయాలి. ఈ రెండు మందులూ నా దుకాణంలో లైసెన్సు మీద, బిల్లు మీద, నిల్వ రిజిస్టరులో రాసి అమ్మవలసినవే. నేను కోరుకునే ఆంక్షలు ఈ పద్ధతిలో చేనుకు ఎర పెట్టుకునే రైతుకు అడ్డం రావు.

రెండవది పేస్టు. పసుపు భాస్వరం కలిపి చిన్న ట్యూబులో నింపిన ముద్ద అది. చూడడానికి అచ్చం పళ్ల పేస్టులా ఉంటుంది. నాలుగేళ్ల క్రితం మా మేనల్లుడు వడ్ల బస్తాల గదిలో ఎలుకలు పడ్డాయని దాన్ని కిరాణా కొట్టులో చిల్లర డబ్బులకు కొని, టమాటా ముక్కలకు పూసి బస్తాల సందుల్లో పెట్టి, ట్యూబును నూతి గట్టు మీద వదిలేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. వాడి నాలుగేళ్ల కూతురు ఆ ట్యూబును నొక్కి తన బ్రష్షు మీద వేసుకుంది. తల్లి చూసేసరికి పాప నోటి నుంచి వెల్లుల్లి లాంటి ఘాటు వాసన వస్తున్నది, అప్పటికే ఒక వాంతి అయింది. దగ్గరలోని ఆసుపత్రిలో చేర్చి, పాప బట్టలు తేవడానికి నేను ఇంటికి వెళ్లినప్పుడు కరెంటు లేదు. ఆ గది తలుపు తీస్తే, చీకట్లో బస్తాల మధ్య టమాటా ముక్కలు పచ్చగా, సన్నగా వెలుగుతూ, వాటి మీద నుంచి పలుచని తెల్లటి పొగ లేస్తూ కనిపించింది. గాలి తగిలితే చాలు, భాస్వరం అలా తనంతట తాను కాలుతుంది. ఇన్నేళ్లు మందులు అమ్మిన నేను గడప మీదే నిలబడిపోయాను.

మర్నాటికి పాపకు వాంతులు తగ్గాయి, ఇడ్లీ కూడా తిన్నది. ఆసుపత్రివారు బాగానే ఉందని ఇంటికి పంపేశారు. మా అక్కయ్య దేవుడికి దండం పెట్టుకుంటుంటే నాకు మాత్రం, డీలర్ల కోసం నడిపే ‘దేశీ’ డిప్లొమా తరగతిలో ఒక డాక్టరు గారు చెప్పిన మాట గుర్తుకు వచ్చింది: ఈ పేస్టు తిన్నవారు మధ్యలో ఒకటి రెండు రోజులు మామూలుగా కనిపిస్తారని, కాలేయం దెబ్బతినడం ఆ తరువాతనే బయటపడుతుందని. “మామయ్యా, పిల్ల ఆడుకుంటున్నది కదా” అని మేనల్లుడు అంటున్నా వినకుండా ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాము. మూడవ రోజుకు పాప కళ్లు పచ్చబడ్డాయి, రక్తం గడ్డకట్టే పరీక్ష తేడా చూపింది. ఎసిటైల్ సిస్టీన్ అనే మందు ఎక్కించి, పూటపూటకూ రక్తపరీక్షలు చేస్తూ 11 రోజులు ఉంచుకున్నారు. పాప బతికింది. ఇదే పేస్టుకు చాలా ఇళ్లలో పిల్లలు బలైపోయారు, చిన్న మాటకు మనసు కష్టపెట్టుకుని దాన్ని మింగిన యువతీ యువకులు కూడా పోయారు. ఇంట్లో అది లేకపోయి ఉంటే ఆ క్షణం దాటిపోయేదని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక చట్టం సంగతి. మన దేశంలో 1968 నాటి కీటకనాశినుల చట్టం, 1971 నాటి నియమాలు ఎలుకల మందులకూ వర్తిస్తాయి. కేంద్రంలోని రిజిస్ట్రేషన్ కమిటీ ఒప్పుకున్న మందునే తయారుచేయాలి, దాని తీవ్రతను బట్టి డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగులలో త్రికోణం ఉండాలి. మనుషులో పశువులో తినే సరుకులు ఉన్న భవనంలో విషపు మందులు నిల్వ ఉంచకూడదని, అమ్మకూడదని నియమాలలో స్పష్టంగా ఉంది. ఇంటి వాడకానికని నమోదై, సరిగా ప్యాక్ చేసి లేబుల్ వేసిన వాటికి మాత్రమే మినహాయింపు. ఇంత పకడ్బందీగా రాసిన నియమం ఉండగా ఆ ట్యూబు అగరబత్తీలకూ బిస్కెట్లకూ మధ్య వేలాడుతున్నది. మా దుకాణాలకు తనిఖీకి వచ్చే అధికారి నా రిజిస్టరులో ఒక్క అంకె తప్పినా సంజాయిషీ అడుగుతారు, పక్కనే ఉన్న కిరాణా కొట్టులోకి మాత్రం తొంగిచూడరు. తమిళనాడు ప్రభుత్వం ఈ పేస్టును శాశ్వతంగా నిషేధించింది. ఆత్మహత్యలకు ఎక్కువగా వాడుతున్న మరో ఆరు పురుగుమందులను మాత్రం 60 రోజులకే ఆపగలిగింది, ఎందుకంటే 1968 చట్టంలోని 27వ సెక్షను రాష్ట్రాలకు ముందుగా ఇచ్చిన గడువు అంతే. మన రెండు రాష్ట్రాలలోను ఈ పేస్టు విషయంలో అంత గట్టి చర్యే కావాలి.

ఎవరి జాగ్రత్త వారిదన్న మాటకు నా దగ్గర ఉన్న జవాబు ధాన్యం గిడ్డంగుల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు. 3 గ్రాముల మాత్రలు పదేసి, ఇరవయ్యేసి ఉండే గొట్టాలను కేంద్రం 2001లో పూర్తిగా నిషేధించింది; ఆ మందును ప్రభుత్వ సంస్థలు, శిక్షణ ఉన్నవారు నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలి. గిడ్డంగులకు మందు అందడం ఆగిపోలేదు. ఇంటి అటకలోకి గొట్టం రాకుండా చేయడమే ఆ ఉత్తర్వు ఉద్దేశం. మా మేనల్లుడు నిర్లక్ష్యం చేసిన మాట నిజమే, వాడు ఇప్పటికీ తలెత్తుకోలేకపోతున్నాడు. అయినా రెండు నిమిషాల మరుపుకు బిడ్డ ప్రాణమే మూల్యమయ్యేటట్టు ఉన్న వస్తువును పళ్ల పేస్టు ఆకారంలో అమ్మనివ్వడం వాడి ఒక్కడి తప్పు కాదు.

కాలిఫోర్నియాలో ఉంటున్న మా అమ్మాయి అక్కడ ఎలుకల మందు కొనడానికి వెళితే పిల్లలు తెరవలేని పెట్టెలో బిగించిన గట్టి బిళ్లలే దొరికాయట. అమెరికా పర్యావరణ సంస్థ 2008లో చేసిన నిర్ణయంతో బ్రోడిఫాకౌమ్, బ్రోమాడియోలోన్ వంటి రెండవ తరం (మరింత తీవ్రమైన) మందులు అక్కడి సామాన్య వినియోగదారుల దుకాణాల నుంచి క్రమంగా తొలగిపోయాయి. కాలిఫోర్నియా 2021 జనవరి 1 నుంచి వాటి వాడకాన్ని ఇంకా బిగించింది. ఇవి చచ్చిన ఎలుక కాలేయంలో నిలిచి, దాన్ని తిన్న గుడ్లగూబకో డేగకో చేరతాయి. లాస్ ఏంజెలెస్ కొండల్లో తిరిగిన పి-22 అనే పర్వత సింహం ఒంట్లో కూడా 2014లో రక్తం గడ్డకట్టనివ్వని ఎలుకల మందులు బయటపడ్డాయి. మనం చేలో వాడే బ్రోమాడియోలోన్ ఈ జాతిదే కాబట్టి ఈ విషయంలో రైతుగా నా బాధ్యత కూడా ఉంది. ఎర కన్నం లోపలే పెట్టాలి, గట్టు మీద చల్లకూడదు; మర్నాటి నుంచి చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చాలి. మేము చేలో ‘టి’ ఆకారపు కర్రలు పాతి గుడ్లగూబలకు చోటు ఇస్తాము, పిల్లలను సాకే రోజుల్లో అవి రాత్రంతా ఎలుకలను మోసుకుపోతూనే ఉంటాయి. యానాది పెద్దలు వచ్చి ఎలుకలను పట్టడానికి బుట్టలు పెట్టే పద్ధతి మా ఊళ్లో ఇంకా ఉంది, పైరు చిన్నగా ఉండగా దానికి మించింది లేదు.

మీ ఇంట్లో ఆ ట్యూబు ఉంటే ఈ రోజే తీసేయండి. ఎవరి నోట్లోకైనా వెళితే పాలు గాని నూనె గాని పట్టించకండి, బలవంతంగా వాంతి చేయించకండి. 108కి ఫోను చేసి, ట్యూబును వెంట తీసుకుని వెళ్లండి, మనిషి తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రి వదిలి రాకండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో డాక్టర్లకూ మనకూ సలహా ఇస్తుంది. మనసు బాగాలేని వారు ఎవరైనా ఇది చదువుతూ ఉంటే 14416కు ఫోను చేయండి, అక్కడ తెలుగులో మాట్లాడతారు.

పాప ఇంటికి వచ్చాక మా ఊరి కిరాణా కొట్టు అబ్బాయిని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాను. వాడు మిగిలిన ట్యూబులు నా ముందే గోతిలో పూడ్చాడు, మళ్లీ తేలేదు. పక్క ఊరి వారపు సంతలో మాత్రం గోనెపట్టా పరిచి, దువ్వెనలూ రిబ్బన్లూ పెట్టినచోటే ఆ ట్యూబులు ఇప్పటికీ అమ్ముతున్నారు. పోయిన వారం కూడా అడిగాను. “అందరూ అమ్ముతున్నారు గదండీ” అన్నాడు.