కునుకు పట్టగానే ఒళ్లు ఉలిక్కిపడుతోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 26. రాత్రి కునుకు పట్టీపట్టగానే మెట్టు తప్పి పడ్డట్టు అనిపించి కాలు ఒక్కసారిగా ఎగిరిపడుతోంది, గుండె దడదడలాడుతోంది, పక్కన పడుకున్న అక్క కూడా లేచిపోతోంది. ఫిట్సేమోనని భయంగా ఉందండీ.

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది ఫిట్స్‌లా లేదమ్మా, భయపడకండి. దీన్ని హిప్నిక్ జర్క్ అంటారు, చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే. మెలకువ నుంచి నిద్రలోకి జారేటప్పుడు మెదడు నుంచి కండరాలకి ఒక్కసారిగా సిగ్నల్ వెళ్లి అలా అదురుతాయి. నిద్ర చాలకపోయినా, టెన్షన్ ఉన్నా, సాయంత్రం కాఫీ తాగినా ఎక్కువవుతుంది, ఎందుకంటే 5 గంటలు గడిచినా కాఫీలోని కెఫీన్ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది, అందుకే మధ్యాహ్నం తర్వాత కాఫీ మానేయండి, రోజూ ఒకే టైంకి పడుకోండి. పగలు మెలకువగా ఉన్నప్పుడు కూడా ఇలా అదిరినా, నిద్రలో నాలుక కొరుక్కున్నా, పక్క తడిసినా మాత్రం ఆలస్యం చెయ్యకుండా న్యూరాలజిస్టుకి చూపించండి.