ప్రొనౌన్ల పట్టిక పక్కన పెట్టు తల్లీ

తల్లీ,

నీ మెసేజ్ చూశాను. ఇంగ్లీషు ప్రొనౌన్లు, అంటే సర్వనామాలు, ఎన్ని రకాలో గడగడా అప్పజెప్పేస్తాను పెద్దమ్మా, కానీ ఖాళీలు నింపమంటే సగం తప్పులే అని రాశావు. తప్పులు రాక ఏం చేస్తాయి? నువ్వు నేర్చుకున్నది పేర్ల పట్టిక. పర్సనల్, పొసెసివ్, డెమాన్‌స్ట్రేటివ్, ఇంటరాగేటివ్, రెలెటివ్, రిఫ్లెక్సివ్, ఇన్‌డెఫినిట్, రెసిప్రోకల్ అని ఎనిమిదీ చెప్పేస్తే పాఠం వచ్చేసినట్టే అని నువ్వు చదివే గైడు పుస్తకం లెక్క. పెళ్ళికొచ్చిన చుట్టాలందరి పేర్లూ తెలిసి, ఎవరు ఏ వరసో తెలియకపోతే ఎలా ఉంటుందో ఇదీ అంతే. ఇంకో పుస్తకం తెరిస్తే ఎంఫాటిక్ వేరు, డిస్ట్రిబ్యూటివ్ వేరు అని పది చేసి పెడుతుంది, దానికీ టెన్షన్ పడకు.

'దట్' ఒక్కదాన్నే తీసుకో. 'దట్ ఈజ్ మై హౌస్' అన్నప్పుడు అది చూపించి చెప్పే డెమాన్‌స్ట్రేటివ్. 'ది ట్రైన్ దట్ గోస్ టు గుణుపూర్' అంటే అదే మాట, వెనక వివరాన్ని ముందున్న పేరుకి కలిపే రెలెటివ్ అయిపోయింది. 'దట్ హౌస్ ఈజ్ బిగ్' అంటే అసలు ప్రొనౌనే కాదు, పక్కన నామవాచకం వచ్చి కూర్చుంది కాబట్టి విశేషణం పని చేస్తోంది. మరి పట్టికలో దాన్ని ఏ గడిలో పెడతావు? అందుకే రకం పేరు తర్వాత, ముందు ఆ మాట ఆ వాక్యంలో ఏం పని చేస్తోందో చూడమంటాను.

ఇంకో సంగతి మీ గైడులో ఎక్కడా ఉండదు, ఎందుకంటే అది మనలాంటి వాళ్ళ కోసం రాసింది కాదు. నీకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు మూడోది. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం, ఎక్కడ చూసినా మన పిల్లలది ఇదే కథ. ఒడియా మీడియం బడిలో ఇన్నేళ్ళు ఇంగ్లీషు చెప్పినదాన్ని కదా, మన తెలుగిళ్ళ పిల్లల ఖాతాలు (నోటు పుస్తకాలు) దిద్దేటప్పుడు ఏ తప్పు ఏ భాష నుంచి వచ్చిందో చూడగానే తెలిసిపోయేది.

'హి', 'షి' సంగతే చూడు. ఒడియాలో వాడైనా 'సే', ఆవిడైనా 'సే', క్రియ కూడా మారదు. తెలుగులో మగవాడికి 'వచ్చాడు' వేరుగా ఉంటుంది, ఆమె వచ్చినా ఆవు వచ్చినా 'వచ్చింది'నే. ఇంగ్లీషు క్రియలో ఇవేవీ ఉండవు, భారమంతా ఆ ముందున్న చిన్న మాట మీదే పడుతుంది. అందుకే 'మై సిస్టర్ ఈజ్ ఇన్ రాయగడ, హి ఈజ్ ఎ నర్స్' అని హాయిగా రాసేసి ముందుకు వెళ్ళిపోతారు, తప్పు చేశామన్న అనుమానమైనా రాదు. దీనికి మందు ఒకటే. ప్రొనౌన్ రాసినప్పుడల్లా అది ఎవరి బదులు వచ్చిందో ఆ పేరు మీద వేలు పెట్టు, అప్పుడు మగా ఆడా వస్తువా అని అడుగు. ఈ భాషల తికమక నీకు కొత్తేం కాదు. ఒడియాలో 'ఆమె' అంటే మనం అని కదా, నువ్వు చిన్నప్పుడు 'ఆమె జిబా' (మనం వెళ్దాం) అని స్నేహితురాలు పిలిస్తే ఆమె ఎవరూ అని అడిగావని మీ అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

గౌరవం ఇంకో చిక్కు. నాన్నగారు వచ్చారు, తాతగారు చెప్పారు అనే నోటితో 'మై ఫాదర్ ఆర్ ఎ టీచర్, దే వర్క్ ఇన్ పర్లాకిమిడి' అని రాస్తారు. కలెక్టరైనా ప్రధానమంత్రైనా ఒక్క మనిషే అయితే ఇంగ్లీషులో 'హి' లేదా 'షి', క్రియ ఏకవచనం. అక్కడ గౌరవం బహువచనంలో చూపరు, మాట తీరులో చూపుతారు. 'యు' మాత్రం ఒక్కరున్నా 'ఆర్'నే తీసుకుంటుంది, ఎందుకంటే అది ఒకప్పుడు బహువచనం. ఏకవచనానికి 'దౌ' అనే మాట విడిగా ఉండేది, మర్యాద కోసం అందరినీ 'యు' అనడం మొదలుపెట్టి చివరికి 'దౌ'ని మామూలు మాటల్లోంచి వదిలేశారు. అంటే మన 'మీరు' లాంటి పద్ధతి వాళ్ళకీ ఉండేదన్నమాట. ఈ మధ్య ఆడా మగా తెలియని ఒక్క మనిషికి 'దే' వాడటం కూడా బాగా పెరిగింది, 2019లో మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువు వాళ్ళు ఆ ఏటి మాటగా దాన్నే ఎంచుకున్నారు. ఎక్కడైనా కనిపిస్తే కంగారు పడకు, మెట్రిక్ పరీక్షలో మాత్రం 'హి ఆర్ షి' అని రాసుకో, దిద్దేవాళ్ళతో గొడవెందుకు.

'ఇట్' గురించి ఒక్క ముక్క. మనం 'వాన పడుతోంది' అంటాం, వాళ్ళు 'ఇట్ ఈజ్ రైనింగ్' అనాలి. ఆ 'ఇట్' ఏ వస్తువు అని వెతక్కు, ఏదీ కాదు. వాళ్ళ వాక్యంలో కర్త కుర్చీ ఖాళీగా ఉండకూడదు, అంతే. మనం 'వస్తున్నాను' అంటే నేనని తెలిసిపోతుంది, ఒడియాలో 'ఆసిబి' (వస్తాను) అన్నా తెలిసిపోతుంది, ఇంగ్లీషులో 'యామ్ కమింగ్' అంటే కుదరదు.

ఇక రెలెటివ్ ప్రొనౌన్లు. పిల్లలందరూ భయపడేది వీటికే, నీకు మాత్రం ఇవే తేలిక కావాలి, ఎలాగో చెప్తాను. తెలుగులో 'నిన్న వచ్చిన అబ్బాయి మా తమ్ముడు' అంటాం. 'వచ్చిన' అన్న మాటలోనే పని అయిపోతుంది, 'హూ'కి సాటి మాటే అక్కర్లేదు. కాబట్టి తెలుగులో ఆలోచిస్తే 'హూ' ఎక్కడ పెట్టాలో తోచదు. ఒడియాలో ఆలోచించు. 'జెఉఁ పిలా కాలి ఆసిథిలా, సే మో భాయి'. ఆ 'జెఉఁ' ఉంది చూశావా, 'హూ', 'విచ్' చేసే పని అదే చేస్తుంది. తేడా ఏమిటంటే ఒడియాలో అది ముందు వస్తుంది, ఇంగ్లీషులో మనిషి పేరు చెప్పాక వస్తుంది: 'ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే ఈజ్ మై బ్రదర్'. ఒక గొయ్యి కూడా ఉంది. ఒడియాలో వెనకాల మళ్ళీ 'సే' రావాలి కాబట్టి మీరు 'ది బాయ్ హూ కేమ్ యెస్టర్‌డే, హి ఈజ్ మై బ్రదర్' అని రాస్తారు. ఆ 'హి' కొట్టెయ్. 'హూ' వచ్చాక దాని వెనక 'హి' అక్కర్లేదు. మనుషులకి 'హూ', వస్తువులకీ జంతువులకీ 'విచ్', చాలాచోట్ల రెండింటికీ 'దట్' సరిపోతుంది.

'హూమ్' దగ్గర మాత్రం తెలుగే ఆదుకుంటుంది. ఎవరు అయితే 'హూ', ఎవరిని అయితే 'హూమ్'. ఇంకా అనుమానం ఉంటే ప్రశ్నకి జవాబు చెప్పి చూడు, జవాబులో 'హి' వస్తే 'హూ', 'హిమ్' వస్తే 'హూమ్'. ఇంగ్లీషువాళ్ళు మాట్లాడేటప్పుడు రెండుచోట్లా 'హూ' అనేస్తారు, పరీక్షలో నువ్వు అలా అనకు.

'సెల్ఫ్' మాటలకి వస్తే, ఇంటర్వ్యూల్లో 'మైసెల్ఫ్ సునీత' అని పరిచయం చేసుకునేవాళ్ళని చూస్తుంటాం, మన దేశమంతా ఉన్న అలవాటు అది, నువ్వు మాత్రం 'ఐ యామ్' అను. రిఫ్లెక్సివా ఎంఫాటికా అని తేల్చడానికి ఆ మాట తీసేసి వాక్యం చదువు. 'షి హర్‌సెల్ఫ్ కుక్డ్ ది రైస్' లోంచి తీసేసినా అన్నం ఉడుకుతుంది, కాబట్టి అది వత్తి చెప్పడానికి వచ్చిందే, ఎంఫాటిక్. 'షి కట్ హర్‌సెల్ఫ్' లోంచి తీస్తే ఏం కోసిందో తెలియక వాక్యం వేలాడుతుంది, అది రిఫ్లెక్సివ్. 'మై'కి 'మైసెల్ఫ్' వచ్చింది కదా అని 'హిజ్‌సెల్ఫ్', 'దెయిర్‌సెల్వ్స్' అని కట్టకు, అవి 'హిమ్‌సెల్ఫ్', 'దెమ్‌సెల్వ్స్'. ఠాకురాణి యాత్ర (అమ్మవారి జాతర) చూసొచ్చి 'ఐ ఎంజాయ్డ్ ఎ లాట్' అని రాస్తారు మీరంతా. 'ఐ ఎంజాయ్డ్ మైసెల్ఫ్' అనాలి, లేదా 'ఐ ఎంజాయ్డ్ ది యాత్ర' అనాలి, వట్టి 'ఎంజాయ్డ్' నిలబడదు.

మన 'తను' ఇంగ్లీషులో లేకపోవడం కూడా పెద్ద ఇబ్బందే. 'తను పాసయ్యానని రాధ సీతకి చెప్పింది' అంటే పాసైంది రాధే, అనుమానం లేదు. 'రాధ టోల్డ్ సీత దట్ షి హాడ్ పాస్డ్' అంటే ఎవరు పాసయ్యారు? ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. ఇలాంటిచోట తెలివి చూపించబోకు, ప్రొనౌన్ మానేసి పేరు రాసేయ్, లేదా రాధ అన్న మాటల్నే కోట్స్‌లో పెట్టు.

'ఎవ్రీబడీ', 'నోబడీ' లాంటి ఇన్‌డెఫినిట్‌లో రెండే రెండు తప్పులు మళ్ళీ మళ్ళీ వస్తాయి. అందరూ వచ్చారు అంటాం కాబట్టి 'ఎవ్రీబడీ హావ్ కమ్' అని రాస్తారు. ఇంగ్లీషులో 'ఎవ్రీ' అంటే ఒక్కొక్కరూ అని లెక్క, అందుకే 'హాజ్'. ఇక ఎవరూ రాలేదు అంటాం, ఒడియాలోనూ 'కేహి ఆసిలే నాహిఁ' అంటాం, రెండు భాషల్లోనూ క్రియలో 'లేదు' ఉండాల్సిందే. ఆ అలవాటుతో 'నోబడీ డిడ్ నాట్ కమ్' అన్నారో, రానివాళ్ళు ఒక్కరూ లేరు, అందరూ వచ్చేశారని అర్థం! 'నోబడీ కేమ్' అంతే. ఆ 'నో'లోనే లేదంతా ఉంది.

పొసెసివ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వెనక వస్తువు పేరుంటే 'మై', 'యువర్', లేకపోతే 'మైన్', 'యువర్స్'. 'హిజ్' రెండుచోట్లా ఒకేలా ఉంటుంది. 'ఇట్స్' రాసేటప్పుడు పైన కామా పెట్టావంటే దాన్ని 'ఇట్ ఈజ్' అని విప్పి చదివి చూడు, అతక్కపోతే కామా తీసెయ్. 'టు రాజు అండ్ ఐ' లాంటివి వస్తే రాజుని కాసేపు తీసేసి చదువు, 'టు ఐ' అని ఎవరూ అనరు కాబట్టి అక్కడ 'మి' రావాలని నీకే తెలుస్తుంది. 'ఈచ్ అదర్' ఇద్దరికి, 'వన్ అనదర్' ఎక్కువమందికి అని మీ టీచరు చెప్తే పరీక్షలో అలాగే రాయి, బయట ఆ తేడా ఎవరూ పట్టించుకోవడం లేదు.

ఇప్పుడు సాధన. మన పర్లాకిమిడి బడిలోనే పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర గిరిజనుల భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు తెలుగొచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, వాళ్ళెలా మాట్లాడతారో విని విని, ఆ తర్వాత వ్యాకరణం రాశారు, 1931లో అచ్చయింది. ముందు వాడుక, తర్వాత పేర్లు. నువ్వూ అలాగే చెయ్. మీ ఇంగ్లీషు పాఠంలో ఒక్క పేరా తీసుకుని, పెన్సిలుతో ప్రొనౌన్లన్నిటికీ సున్నా చుట్టి, ఒక్కోదాని నుంచి అది ఎవరి బదులు వచ్చిందో వాళ్ళదాకా గీత గియ్యి. గీత ఎక్కడికీ వెళ్ళకపోతే అది వానలో 'ఇట్' లాంటిదో, 'సమ్‌బడీ' లాంటిదో, ప్రశ్న అడిగే 'హూ'నో అయి ఉంటుంది. గీత దూరం పోకుండా సరిగ్గా ముందున్న మాటకే అతుక్కుంటే రెలెటివ్. వెనక్కి తిరిగి కర్త మీదే పడితే రిఫ్లెక్సివ్. రకం పేరు నువ్వు చెప్పక్కర్లేదు, గీతే చెప్తుంది. రోజుకి ఒక్క పేరా చాలు, రెండు చేస్తే విసుగొచ్చి మానేస్తావు.

ఈ వారం మాత్రం రెలెటివ్ వాక్యాలు రాయి. మీ వీధిలో వాళ్ళ గురించే, ముందు ఒడియాలో 'జెఉఁ'తో రాసి పక్కన ఇంగ్లీషులో. ఫోటో తీసి ఆదివారం లోపు పంపు, దిద్ది పంపుతాను.

మీ పెద్దమ్మ