క్రూయిజ్ ఓడలో కెప్టెన్‌తో భోజనానికి పిలుపు రావాలంటే ఖరీదైన గది తీసుకోవాలా?

అక్కర్లేదు. మా అమ్మాయి మా కోసం తీసుకున్నది ఆ ఓడలో అన్నిటికన్నా చవక గది. దానికి కిటికీ కూడా లేదు. అయినా నాకు పిలుపు వచ్చింది, వెళ్ళాను, కెప్టెన్ గారికి ఒక్క కుర్చీ అవతల కూర్చుని భోంచేశాను. మొదటి క్రూయిజ్‌కే సూట్, అంటే పెద్ద ఖరీదైన గది, బుక్ చేస్తే పిలుస్తారా అని మీరు లెక్కలు వేసుకుంటున్నారు కదా, ఆ డబ్బు దాచుకోండి.

మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర ఊరు. బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అమ్మాయి సియాటిల్‌లో ఉంటుంది. అబ్బాయి మర్చంట్ నేవీలో మోటార్‌మన్, అంటే ఇంజన్ గదిలో పని. మా ఉద్దానం వైపు, ముఖ్యంగా సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం ఊళ్ళల్లో, షిప్పు ఉద్యోగాల్లో ఉన్న కుర్రాళ్ళు చాలామంది. కొబ్బరి, జీడి తోటల మీద వచ్చే ఆదాయంతో ఇల్లు గడవక సముద్రం మీదికి వెళ్ళినవాళ్ళే ఎక్కువ. అందుకే క్రూయిజ్ అనగానే అందరికీ స్విమ్మింగ్ పూల్ గుర్తొస్తుంది, నాకు మాత్రం కింద ఇంజన్ దగ్గర ఎవరున్నారా అనిపిస్తుంది.

పిలుపు ఎవరికి వస్తుందో చెబుతాను. ఒకే కంపెనీ ఓడల్లో పదే పదే తిరిగినవాళ్ళు, పెద్ద సూట్లలో దిగినవాళ్ళు, యాభయ్యో పెళ్ళిరోజు చేసుకునే దంపతులు జాబితాలో ముందుంటారు. ప్రిన్సెస్ కంపెనీ అయితే తరచూ వచ్చే ప్రయాణికుల క్లబ్బుకి ‘కెప్టెన్స్ సర్కిల్’ అనే పేరు పెట్టుకుంది. నేను కూర్చున్న బల్ల దగ్గరా అలాంటివాళ్ళే ఎక్కువ. కానీ ఒకటో రెండో కుర్చీలు ఓడలో పనిచేసేవాళ్ళ కంట్లో పడ్డ మనుషులకి వెళ్తాయి. ఇది నా గట్టి నమ్మకం, నా కుర్చీ అలా వచ్చిందే. ప్రతి ఓడలోనూ కెప్టెన్ స్వయంగా కూర్చుంటారని లేదు. మూడు వేల మంది ఎక్కే ఓడలో ఆయనకి తీరిక ఎక్కడిది? చాలాచోట్ల చీఫ్ ఇంజనీరో, హోటల్ డైరెక్టరో ఆ రోజు ఆతిథ్యం ఇస్తారు. ఇక డబ్బు కట్టి వెళ్ళే ‘షెఫ్స్ టేబుల్’ విందు వేరు, అది సీటు ఖాళీ ఉంటే ఎవరైనా కొనుక్కోవచ్చు. దాని ఫొటోలు పెట్టి ‘కెప్టెన్‌తో డిన్నర్’ అని రాసుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మాది అలాస్కా ప్రయాణం. సియాటిల్‌లో ఎక్కి జూనో, స్కాగ్‌వే, గ్లేసియర్ బే, కెచికాన్ చూసుకుని, తిరుగుదారిలో కెనడాలోని విక్టోరియాలో ఆగి రావడం. విక్టోరియాలో ఎందుకు ఆగాలంటే 1886 నాటి అమెరికా చట్టం ఒకటి ఉంది. విదేశీ జెండా కట్టిన ఓడ, అంటే వేరే దేశంలో రిజిస్టరైన ఓడ, అమెరికా రేవుల్లోనే జనాన్ని ఎక్కించి దించి తిప్పకూడదు, మధ్యలో పరాయి దేశపు రేవు ఒకటి తగలాలి. ఇదంతా నాకు మావాడు ఫోన్లో చెప్పాడు. ఓడలో అడిగితే ప్రయాణికుల్లో చాలామందికి తాము ఏ దేశపు జెండా కింద ఉన్నారో కూడా తెలీదు.

నాకు తెల్లవారుజామునే మెలకువ వస్తుంది. మంచం మీద దొర్లడం ఇష్టం లేక శాలువా కప్పుకుని డెక్ మీదికి పోయేదాన్ని. ఆ వేళకి అక్కడ పనివాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఇండోనేషియా వాళ్ళు రాత్రి పట్టిన ఉప్పు కడుగుతుంటారు, ఇనుప బ్రష్షుతో తుప్పు గీకుతుంటారు. మా అబ్బాయి ఓడలో కింది స్థాయి పనులు నేర్పే ఆరు నెలల జీపీ రేటింగ్ కోర్సు చేసి మొదటిసారి షిప్పెక్కినప్పుడు చేసిన పని అదే. గీకడం, రంగు వేయడం, మళ్ళీ గీకడం. వాళ్ళని చూస్తూ ఊరికే వెళ్ళిపోవడానికి నాకు మనసొప్పేది కాదు. గుడ్ మార్నింగ్ చెప్పి, ఊరేది, పిల్లలెంతమంది అని అడిగేదాన్ని.

ఒకరోజు లైఫ్‌బోట్లు తనిఖీ చేస్తూ ఒక సేఫ్టీ ఆఫీసర్ కనిపించారు. ఎప్పటినుంచో నా కడుపులో ఉన్న ప్రశ్న ఆయన్ని అడిగేశాను. “ఈ పడవల్లో ఇంజన్ గదిలో పనిచేసే కుర్రాళ్ళకి కూడా చోటుంటుందా, ప్రయాణికులకేనా?” ఆయన పని ఆపి నా వైపు తిరిగారు. ఓడలో ఉన్న ప్రతి మనిషికీ చోటుందనీ, పడవలూ గాలితో ఉబ్బే తెప్పలూ కలిపి మొత్తం జనం కంటే పాతిక శాతం ఎక్కువ మందికి సరిపోయేలా ఉండాలని అంతర్జాతీయ నిబంధన ఉందనీ వివరంగా చెప్పారు. ఎందుకు అడుగుతున్నారమ్మా అన్నారు. మా అబ్బాయి ట్యాంకర్ ఓడలో మోటార్‌మన్ అని చెప్పాను. గది నంబరు అడిగి రాసుకున్నారు. మర్నాడు మా తలుపు పక్కన కవరు. ఫార్మల్ నైట్‌కి, అంటే అందరూ ముస్తాబై భోజనానికి వచ్చే రాత్రికి, కెప్టెన్‌తో భోజనం, వస్తారో రారో ఫలానా నంబరుకి చెప్పండి అని.

అమ్మాయి గౌను కొందామంది. నేను ఒప్పుకోలేదు. ఎవరి దేశపు దుస్తులు వాళ్ళకి ఫార్మల్ కిందే లెక్క, ఓడల్లో అది చెల్లుతుంది. నా పొందూరు ఖాదీ చీర కట్టుకున్నాను. ముందు ఒక హాల్లో అందరినీ పరిచయం చేసి, ఫొటో తీసి, ఆ తర్వాత డైనింగ్ హాలు మధ్యనున్న పెద్ద గుండ్రటి బల్ల దగ్గరికి తీసుకెళ్ళారు. ఎవరి పేరు అట్ట ముందు వాళ్ళు కూర్చోవాలి. కెప్టెన్ ఇటలీ మనిషి, తలంతా నెరిసింది. చీఫ్ ఇంజనీరు అవతలి వైపు కూర్చున్నారు. అందరికీ వైన్ పోశారు, కెప్టెన్ గ్లాసులో మాత్రం నీళ్ళే. ఓడ నడిపే అధికారుల రక్తంలో మద్యం 0.05 శాతం దాటకూడదని నిబంధన, ఈయన అసలు ముట్టనే లేదు. ఆ ఒక్కటీ చూసి ఆయన మీద నాకు గౌరవం పుట్టింది.

తిండి గురించి పెద్దగా చెప్పడానికి లేదు. అలాస్కా వైపు దొరికే హాలిబట్ చేప పెట్టారు. మెత్తగా బాగుంది గానీ మా కోనాం చేప ముందు నిలవదు.

మొదట అరగంట అందరూ అడిగేవే అడిగారు. ఎంత పెద్ద కెరటం చూశారు, మంచుకొండ అడ్డొస్తే ఏం చేస్తారు. ఆయన చెప్పి చెప్పి అరిగిపోయిన జవాబులు ఓపిగ్గా చెప్పారు. పక్కనున్న ఆవిడ నా చీర పట్టుకుని చూసి ఇదేం బట్ట అంది. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేత్తో వడికి నేస్తారని చెప్పాను. కెప్టెన్ ఫోర్కు కింద పెట్టేశారు. చేప దవడతోనా అని రెండుసార్లు అడిగారు. ఆ సన్నటి పళ్ళ వరస దువ్వెన పళ్ళలాగా పత్తిలోని నలకలన్నీ లాగేస్తుందని చేత్తో చూపించాను. శ్రీకాకుళం ఆయనకి తెలీదు గానీ విశాఖపట్నం బాగా తెలుసు. కుర్రతనంలో ఇనుప ఖనిజం ఎత్తుకోవడానికి సరుకు ఓడ మీద వచ్చారట.

తుఫాన్ల మాట వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా ఉద్దానం మీద పడి కొబ్బరిచెట్లని కూల్చేసిన సంగతి చెప్పాను. అప్పుడు మావాడు సముద్రం మీద ఉన్నాడు. మా ఊళ్ళో కరెంటు లేదు, ఫోన్లు లేవు. వాడు బతికున్నాడో లేదో మాకు తెలీదు, మేం బతికున్నామో లేదో వాడికి తెలీదు. కెప్టెన్ కాసేపు ఏమీ అనలేదు. “ఓడకి తప్పుకునే దారి ఉంటుందమ్మా, మీ చెట్లకి లేదు” అన్నారు.

అప్పుడు అడిగాను. “మా అబ్బాయి నిద్రపోతాడా?” అని.

నవ్వుతారేమో అనుకున్నాను, నవ్వలేదు. చీఫ్ ఇంజనీరు కూడా కుర్చీ ముందుకు జరిపారు. ఇంజన్ గదిలో నలభై డిగ్రీల వేడి మామూలేననీ, చప్పుడుకి చెవులకి రక్షణ లేకుండా నిలబడలేరనీ ఆయన చెప్పారు. లెక్క మాత్రం కెప్టెనే చెప్పారు. ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటల విశ్రాంతి, ఏడు రోజుల్లో 77 గంటలు. ఆ పది గంటలని రెండు ముక్కలకి మించి చేయకూడదు, అందులో ఒక ముక్క కనీసం ఆరు గంటలు ఉండాలి. ఈ విశ్రాంతి గంటలు రాసుకున్న పట్టీ మీద నావికుడూ సంతకం పెట్టాలి, దాని నకలు అతనికి ఇవ్వాలి. “కాగితం మీదా, నిజంగానా?” అని అడిగాను. నా ఓడలో నిజంగానే, ఎందుకంటే జవాబుదారీ నాది, అన్నారు. అన్ని ఓడల సంగతీ నేను చెప్పలేను, రేవుల్లో సరుకు ఎక్కించి దించే రోజుల్లో కష్టమవుతుంది, మీ అబ్బాయినే అడగండి, అని కూడా అన్నారు.

నాకు కావలసింది ఆ మాట. మావాడు ఎప్పుడు ఫోన్ చేసినా “ఏటీ అవదమ్మా, బాగానే పడుకుంటన్నాను” అంటాడు. తల్లికి అంతకన్నా ఏం చెబుతాడు? ఆ రాత్రే వైఫై కొని మెసేజ్ పెట్టాను. నీ విశ్రాంతి పట్టీ నువ్వే రాస్తున్నావా, ఎవరో రాసి నీ చేత సంతకం పెట్టిస్తున్నారా అని. కొన్నాళ్ళకి సిగ్నల్ దొరికి ఫోన్ చేశాడు. ఎవరు చెప్పారమ్మా నీకివన్నీ అన్నాడు. ఆ తర్వాత మొదటిసారి దాచకుండా మాట్లాడాడు. రేవులో ఉన్నప్పుడు తెల్లవార్లూ నిలబడిన రాత్రుల గురించి, పట్టీలో ఏం రాయమంటారో, నకలు అడిగితే ఎలా చూస్తారో. ఆ నకలు అడిగి తీసుకోమన్నాను. తీసుకుంటున్నాడు.

మా జిల్లా తల్లిదండ్రులకి ఈ సంగతులు చెప్పేవాళ్ళు లేరు. షిప్పు ఉద్యోగం అంటే జీతమెంత, డాలర్లలోనా, పెళ్ళికి ఎంత పలుకుతాడు, ఇవే మాటలు. నావికుల పని గురించి 2006లో ఒక అంతర్జాతీయ ఒప్పందం వచ్చింది, భారత్ 2015లో దాన్ని ఆమోదించింది. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు వసూలు చేయకూడదని అందులో ఉంది. కానీ మా వీధిలో ఒక కుర్రాడి దగ్గర ఏజెంటు ఒకడు లక్షలు గుంజాడు. ఎక్కడో గల్ఫ్ తీరంలో పాత ఓడ ఎక్కించాడు. నెలల తరబడి జీతం లేదు, తాగే నీళ్ళు కూడా కొలిచి ఇచ్చారట. వాడి అమ్మ తాకట్టు పెట్టిన పుస్తెలతాడు ఇంకా విడిపించుకోలేదు. ఏజెంటు ఎవరైనా సరే ఆర్‌పీఎస్‌ఎల్, అంటే నావికులని ఉద్యోగాల్లో పెట్టడానికి ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు, దాని నంబరు అడగండి. ముంబైలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు ఉందో లేదో చూసుకోవచ్చు. ఇంటర్ చదివిన పిల్లాడు ఎవరైనా చూసి చెప్పగలడు. ఆ పని చేయకుండా డబ్బు కట్టకండి.

విశాఖలో 2023 సెప్టెంబరులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు. అదే ఏడాది ఏప్రిల్‌లో మా జిల్లా మూలపేటలో పోర్టుకి శంకుస్థాపన చేశారు. సంతోషమే. కానీ ఓడల్లో పనిచేసే ఇంతమంది పిల్లల ఇళ్ళున్న జిల్లాలో, వాళ్ళ హక్కులేమిటో తెలుగులో చెప్పే చిన్న ఆఫీసు ఒక్కటి నాకు కనబడలేదు. పోర్టు కన్నా ముందు అది రావాలి.

సరే, మీ ప్రశ్నకి మిగిలిన జవాబు. పిలుపు వస్తే ఆ పూటే ఫోన్ చేసి వస్తున్నామని చెప్పండి, ఆలస్యం చేస్తే ఆ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. మాంసం తిననివాళ్ళయితే అప్పుడే చెప్పండి, విడిగా వండి పెడతారు. ఫొటో వాళ్ళే తీస్తారు కాబట్టి సెల్‌ఫోన్ గదిలోనే వదిలేయండి. గ్లేసియర్ బే లాంటి చోట్ల ఓడ మంచు మధ్య నడిచే రోజు కెప్టెన్ బ్రిడ్జి, అంటే ఓడ నడిపే గది, వదిలి దిగరు, ఆ రోజు పిలుపు కోసం ఎదురుచూడకండి. పిలుపు రాకపోతే పొద్దున్నే డెక్ మీదికి వెళ్ళి తుప్పు గీకే కుర్రాళ్ళతో మాట్లాడండి. మా అబ్బాయి లాంటివాళ్ళ గురించి కెప్టెన్ కంటే వాళ్ళే బాగా చెప్పగలరు.